పెళ్లికి గోళ్లు మెరవాలి సరే, ముందు ఆ దురద సంగతి

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 29, బ్యాంకులో క్యాష్ కౌంటర్ మీద పని, అత్తమామలతో కలిసి కాపురం, ఏడేళ్ల పాప. జూన్‌లో విజయవాడలో చెల్లెలి పెళ్లి, ఇంకా ఐదు వారాలుంది. ఈ వేసవిలో అందరి చేతుల మీదా కనిపిస్తున్న ఆ రంగులు మారే గోళ్లు, అంటే చెయ్యి తిప్పితే ఆకుపచ్చ ఊదాగా, ఊదా బంగారంగా మారే క్రోమ్ మెరుపు, చెల్లెలికి తెగ నచ్చాయట. అక్కచెల్లెళ్లు, పిన్నికూతుళ్లు అందరూ ఒకేలా వేయించుకోవాలని ఐదుగురికి కలిపి పార్లర్‌లో బుక్ చేసేసింది.

ఈవిడ అనుభవం వేరేగా ఉంది. సంక్రాంతికి ఆన్‌లైన్‌లో చిన్న ల్యాంపుతో వచ్చే జెల్ కిట్ కొని ఇంట్లోనే వేసుకున్నారు, ఫిబ్రవరిలో మళ్లీ వేసుకున్నారు. రెండుసార్లూ వారం తిరక్కుండానే లేచిపోయింది. ఏప్రిల్ చివర్లో విజయవాడలో ఒక పార్లర్‌కి వెళ్లి 1,600 రూపాయలిచ్చి క్రోమ్ వేయించుకుంటే, నాలుగో రోజుకి కుడి బొటనవేలు, చూపుడువేలు అంచుల్లో రాలింది, మిగతావి ఆవకాయ కలిపాక పచ్చబారాయి. విసుగొచ్చి నాలుగు గోళ్ల మీది జెల్‌ని పాత ఏటీఎం కార్డు అంచుతో లేపేశారు. ఆరు గోళ్లకు ఇంకా ఉంది. అత్తగారు "ఆ గోళ్లతో వడ్డిస్తే మాకు అన్నం సహించదమ్మా" అన్నారు. భర్త 'యూరప్‌లో జెల్ పాలిష్ నిషేధించారు' అన్న వార్త ఫోన్‌లో పంపి ఊరుకున్నారు. పాపేమో తనకీ వేయమంటోంది. చెల్లెలికి కాదని చెప్పలేరు. అన్నీ రాశాక చివర్లో ఒక్క మాట: "ఫిబ్రవరి నుంచి వేసుకున్న ప్రతిసారీ వేళ్ల చివర్లు దురద పెడుతున్నాయి, ఈసారి గోళ్ల పక్కన చిన్నచిన్న నీటి పొక్కులు కూడా వచ్చాయి, ఎండకేమో."

రంగు ఎందుకు నిలవలేదని మీరు రెండు పేజీలు రాశారు. దురదకి ఒక్క వాక్యం. నేను ఆ వాక్యం దగ్గర్నుంచే మొదలుపెడతాను. ఎందుకంటే మిగతా ప్రశ్నలకి ఒకటికి రెండు దారులున్నాయి, దీని సంగతి తేలితేగానీ వాటిలో ఏ దారి మీకు తెరిచి ఉందో తెలీదు.

మామూలు నెయిల్ పాలిష్‌లో ద్రావకం ఆవిరైపోయి పొర మిగులుతుంది. జెల్ గట్టిపడేది అలా ఆవిరై కాదు. అక్రిలేట్, మెథాక్రిలేట్ అనే చిన్న అణువులు ల్యాంప్ వెలుతురు తగలగానే ఒకదానికొకటి గొలుసులా అతుక్కుని గట్టిపడతాయి. పూర్తిగా గట్టిపడితే పేచీ లేదు. సగం గట్టిపడి మిగిలినవి, లేదా గోరు దాటి చర్మం మీదికి పారినవి లోపలికి ఇంకితే కొందరి ఒంటికి అవి పడకుండా పోతాయి. మొదటిసారి ఏమీ తెలీదు. రెండోసారి కొంచెం దురద. మూడోసారి మరుసటి రోజుకే పొక్కులు. మీరు రాసిన వరస సరిగ్గా ఇలాగే ఉంది. వీటిలో ఎక్కువమందికి పడనిది 'హెమా' అనే మెథాక్రిలేట్. యూరప్‌లో అది ఉన్న గోళ్ల ఉత్పత్తులను శిక్షణ పొందినవాళ్లే వాడాలని 2020లో నిబంధన పెట్టింది ఇందుకే. ఇళ్లకొచ్చే కిట్లలో ల్యాంప్ శక్తి చాలదు, సీసా ఒక కంపెనీది ల్యాంప్ ఇంకొకటిది అవుతుంది, నాలుగు వేళ్లతో పాటు బొటనవేలు కూడా దూరిస్తే దానికి వెలుతురు పక్కవాటంగా తగిలి సరిగ్గా గట్టిపడదు.

మరి ఎండ కాదా? ఆవకాయ కాదా? కావచ్చు కూడా. మామిడికాయ తొడిమ దగ్గర కారే సొన చర్మాన్ని కాలుస్తుంది, కొందరికి దానికే అలర్జీ ఉంటుంది. కారం మంట పుట్టిస్తుంది గానీ గంటల్లో దిగిపోతుంది. జెల్ తీయడానికి వాడే అసిటోన్ చర్మాన్ని తెల్లగా పొడిబార్చి పగలగొడుతుంది, పొక్కులు మామూలుగా రావు. కానీ మీకు దురద మొదలైంది ఫిబ్రవరిలో. అప్పటికి మీ ఇంట్లో ఆవకాయ ముక్క కోసి ఉండరు. సొన తగిలితే అరచేతికో మణికట్టుకో మూతికో కూడా రావాలి, మీకు గోళ్ల చుట్టూనే వచ్చింది. కాబట్టి నా అనుమానం జెల్ మీదే. అనుమానమే సుమా, నిర్ధారణ చర్మవైద్యులు చెయ్యాలి. కనురెప్పల మీదో మెడ మీదో కూడా దురద ఉంటే ఆ సంగతి ముందుగా చెప్పండి. గోళ్లతో ముట్టుకున్న చోటల్లా ఈ అలర్జీ కనిపిస్తుంది.

గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది, ప్రైవేటు వైద్యులూ ఉన్నారు. వెళ్లేటప్పుడు ఆ కిట్ సీసాలు సంచీలో వేసుకెళ్లండి. పేర్లు చదివితేనే వాళ్లకు పని తేలిక. అలర్జీ దేనికో తేల్చే ప్యాచ్ టెస్ట్ చేయాలంటే వీపు మీద చిన్న పట్టీలు అంటించి 48 గంటలుంచి, తీశాక ఒకసారి, మళ్లీ ఒకటి రెండు రోజుల తర్వాత ఒకసారి చూస్తారు. మామూలు పరీక్ష సెట్‌లో అక్రిలేట్లు ఉండకపోవచ్చు, 'అక్రిలేట్ సిరీస్ ఉందా' అని ముందే అడగండి. ఇంకో చిక్కుంది. ఈ ఎండల్లో చెమటకి పట్టీలు ఊడతాయి, పైగా ఇప్పుడున్న పొక్కులు తగ్గేదాకా పరీక్ష చేయరు. అంటే పెళ్లిలోగా తేలకపోవచ్చు. తేలకపోతే జెల్ మీకు పడదనే లెక్క వేసుకుని పెళ్లి గడుపుకోవడం మేలు. పడదని తేలాక అది మళ్లీ పడడం ఉండదు. అది గోళ్లతో పోయేదీ కాదు. పంటికి పెట్టే తెల్ల ఫిల్లింగు, ఎముకల ఆపరేషన్‌లో వాడే సిమెంటు, షుగర్ చూసే సెన్సర్ పట్టీ జిగురు, వీటన్నిట్లో ఇదే జాతి పదార్థాలుంటాయి. ఒక వేసవి ముచ్చట కోసం అంత దూరం తెచ్చుకోవడం ఎందుకన్నదే నా మాట.

మీవారు పంపిన వార్త వేరే సంగతి. యూరప్ యూనియన్ 2025 సెప్టెంబరు 1 నుంచి ఆపింది జెల్ మొత్తాన్ని కాదు, అందులో వెలుతురికి స్పందించే 'టీపీఓ' అనే ఒక పదార్థాన్ని. జంతువులకు తినిపించి చేసిన పరీక్షల్లో సంతానోత్పత్తికి హాని కనిపించిందని ఆ నిర్ణయం తీసుకున్నారు. మీ పొక్కులకీ దానికీ సంబంధం కలపకండి. టీపీఓ లేని జెల్ తెచ్చినా మీ దురద అలాగే ఉండొచ్చు.

ఇక మిగిలిన ఆరు గోళ్లు. కార్డు, పళ్లు, కత్తెర మొన, ఏవీ వద్దు. జెల్‌ని లాగితే దాంతోపాటు గోటి పై పొర కూడా లేస్తుంది. మీరు లేపిన నాలుగింటి మీద తెల్లగా గరుకుగా కనిపిస్తున్నది అదే. పొక్కులు చితికి నీరు కారుతుంటే డాక్టరు చూసేదాకా అసిటోన్ కూడా ముట్టుకోవద్దు. చర్మం మామూలుగా ఉంటే, పైన మెరిసే టాప్ కోట్‌ని ఫైల్‌తో మెరుపు పోయేదాకా రుద్దాలి, గోరు తగలకూడదు. ఆ పొడి ఊదుకోకుండా తడిగుడ్డతో తుడిచేయండి, అది కూడా అలర్జీ తెప్పించేదే. గోరు చుట్టూ చర్మానికి వాజిలిన్ దట్టంగా రాసి, గోరంత దూది ముక్క అసిటోన్‌లో ముంచి పెట్టి, పైన అల్యూమినియం రేకు చుట్టి 10 నుంచి 15 నిమిషాలు ఆగాలి. పొర ముడుచుకుని లేస్తుంది, చెక్కపుల్లతో మెల్లిగా తోస్తే వస్తుంది. రాకపోతే ఇంకో ఐదు నిమిషాలు, అంతేగానీ గోకొద్దు. ఫ్యాన్ వేసి, కిటికీ తీసి, పొయ్యికి దూరంగా చేయండి. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది.

చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంటే పెళ్లినాటికి దెబ్బతిన్న భాగం సగం కూడా ముందుకి రాదు. కాబట్టి పొడుగు గోళ్ల ఆశ ఈసారికి వదిలేసి, వేలి చివరకు సమంగా కత్తిరించి, రోజూ పడుకునే ముందు కొబ్బరినూనో నువ్వులనూనో రెండు చుక్కలు పట్టించండి. పొట్టి గోళ్ల మీద కూడా ఈ మెరుపు బాగుంటుంది, మాట తీసేయాల్సినంత తేడా ఏమీ ఉండదు.

ఇప్పుడు చెల్లెలి సంగతి. ఆ అమ్మాయికి కావలసింది ఐదుగురూ ఒకే కుర్చీలో కూర్చోవడమా, ఐదుగురి చేతులూ ఫొటోలో ఒకేలా ఉండడమా? రెండోదైతే చిక్కు తేలికే, కానీ ఒక షరతు మీద. రంగు ఎంచుకునేటప్పుడే మీరు మాట్లాడాలి. ఈ మెరుపులో రెండు జాతులున్నాయి. రెండూ పలచటి రేకుల మీద సన్నగా పూత వేసిన పొడులే, పూత మందాన్ని బట్టి వెలుతురు ఒక్కో రంగుగా తిరిగొస్తుంది. తేడా తెచ్చేది కింద వేసే రంగు. నలుపో ముదురు నేరేడో వేస్తే, రేకుల్లోంచి కిందికి దిగిన వెలుతుర్ని ఆ నలుపు మింగేస్తుంది, పైనుంచి వచ్చే మెరుపే మిగిలి నెమలికంఠం పట్టుచీరలా గాఢంగా రంగులు మారతాయి. కింద పాలలాంటి తెలుపు వేస్తే ఆ వెలుతురు కూడా వెనక్కి తిరిగొచ్చి కలిసిపోతుంది కాబట్టి ముత్యంలా, శంఖం లోపలి వైపులా లేత మెరుపు వస్తుంది.

మొదటి జాతి, అద్దంలా నున్నగా మెరిసేది, జెల్ మీద పొడి రుద్దితేనే సరిగ్గా వస్తుంది. మామూలు పాలిష్‌తో దాని దగ్గరికి వెళ్లగలం గానీ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. రెండో జాతి, ముత్యపు మెరుపు, మామూలు పాలిష్ మీద మెరుపు టాపర్ వేసినా దాదాపు అలాగే వస్తుంది. అందుచేత చెల్లెల్ని లేత రంగు వైపు ఒప్పించగలిగితే మిగతా నలుగురూ పార్లర్‌లో జెల్ వేయించుకున్నా, మీరు ఇంట్లో పాలిష్ వేసుకున్నా, గ్రూపు ఫొటోలో ఎవరూ పోల్చలేరు. గోళ్లు దగ్గర్నుంచి తీసే ఫొటోలు ఎలాగూ పెళ్లికూతురివే. ఒప్పుకోక ముదురు అద్దం మెరుపే కావాలంటే, మీరు పైన అంటించుకునే ప్రెస్-ఆన్ గోళ్లకి వెళ్లాలి, లేదా తేడాని ఒప్పుకోవాలి. ఇవాళే ఫోన్ చేసి చెప్పడం నయం. పెళ్లి రెండు రోజులుందనగా పార్లర్‌లో కూర్చుని 'నాకు వద్దే' అంటే అది అలకకి దారి తీస్తుంది. ఇప్పుడు 'వేళ్లకి పొక్కులు వచ్చాయి, డాక్టరు చూసేదాకా జెల్ వేసుకోను, నాకు అదే రంగు పాలిష్‌లో కావాలి' అంటే ఎవరూ నొచ్చుకోరు. పొక్కుల ఫొటో ఒకటి పంపండి, వాదన అక్కర్లేదు.

మీకు నేను మొదట సూచించేది మామూలు పాలిష్ దారే, కాబట్టి దాన్ని కాస్త వివరంగా చెబుతాను. విజయవాడ బీసెంట్ రోడ్ ఫ్యాన్సీ షాపుల్లో గానీ గుంటూరులో గానీ కొనేటప్పుడు నాలుగు సీసాలు చాలు: బేస్ కోట్, పాలరంగు, మెరుపు టాపర్, టాప్ కోట్. సీసా మీద 'జెల్ ఎఫెక్ట్' అని ఉంటే అట్ట తిప్పి చదవండి. ల్యాంప్ లేకుండా పగటి వెలుతురికే గట్టిపడే రకాల్లో కొన్నిటిలో అక్రిలేట్లు ఉంటాయి. పదార్థాల వరసలో నైట్రోసెల్యులోజ్, బ్యూటైల్ అసిటేట్, ఇథైల్ అసిటేట్ మొదట్లో కనిపిస్తే అది మామూలు పాలిష్. మెథాక్రిలేట్ అన్న మాటుంటే పక్కన పెట్టండి. కొన్న సీసాల్ని స్కూటర్ డిక్కీలో ఎండకి వదిలేయకండి, ఒక్క మధ్యాహ్నంలో చిక్కబడతాయి. చిక్కబడిన సీసాలో రిమూవర్ పోసేవాళ్లున్నారు, దాంతో పొర పట్టు పోతుంది. పాలిష్ థిన్నర్ అని అమ్ముతారు, రెండు మూడు చుక్కలు చాలు.

వేసే వేళ రాత్రి భోజనాలయ్యాక, ఏసీ గది ఉంటే ఏసీలో. 40 దాటిన మధ్యాహ్నం వేస్తే పైపొర ముందే ఆరిపోయి, కింద చిక్కుకున్న ద్రావకం తప్పించుకోలేక బుడగలుగా లేస్తుంది. ఫ్యాన్ కింద పెట్టి ఆరబెట్టినా ఇదే జరుగుతుంది. సీసాని ఊపితే గాలి కలిసి ఇంకొన్ని బుడగలు. అరచేతుల మధ్య పెట్టి దొర్లించండి. స్నానం చేసిన వెంటనే, అంట్లు తోమిన వెంటనే వేయొద్దు. నీళ్లలో నానిన గోరు ఉబ్బి ఉంటుంది, ఆరి ముడుచుకునేసరికి పైన పాలిష్ పగులుతుంది. గంట ఆగండి. రాత్రి రాసిన నూనె మరకేదీ లేకుండా రిమూవర్ తడిపిన దూదితో గోటిని తుడవాలి. ఈ ఒక్క పని మానేసే చాలామందికి రెండో రోజుకి పెచ్చులూడతాయి.

బేస్ కోట్ ఒకటి సన్నగా. మీ నాలుగు గరుకు గోళ్లకి గీతలు పూడ్చే రకం బేస్ దొరికితే మరీ మంచిది. రెండు నిమిషాలు ఆగి పాలరంగు సన్నగా ఒక పొర, నాలుగైదు నిమిషాలాగి ఇంకోటి. కుంచెను సీసా మూతికి ఒక పక్క తుడిచి, గోటికి మూడు గీతలు: మధ్యలో ఒకటి, అటూ ఇటూ ఒక్కోటి. చర్మానికి తగలకుండా వెంట్రుకంత జాగా వదలండి. దాని మీద మెరుపు టాపర్ ఒక పొర. రెండో పొర వేస్తే మెరుపు పెరుగుతుంది గానీ మందం కూడా పెరుగుతుంది, చాలు అనిపిస్తే ఆపేయండి. చివర టాప్ కోట్ వేసేటప్పుడు గోటి కొసను కూడా, అంటే మందం కనిపించే అంచును, కుంచెతో ఒకసారి ముద్దాడించాలి. పెచ్చు లేచేది అక్కడినుంచే. ముట్టుకుంటే అంటకుండా ఉండడానికి పావుగంట పట్టినా, లోపల గట్టిపడడానికి గంటలు పడుతుంది. గంటలోపే దిండు మీద చెయ్యి పెట్టి పడుకుంటే పొద్దున దుప్పటి నేత అచ్చు గోళ్ల మీద ఉంటుంది.

దీంతో నాలుగైదు రోజులు వస్తుంది. కౌంటర్‌లో తడి స్పాంజి మీద వేలు అద్ది నోట్లు లెక్కపెడతారు కాబట్టి కుడి బొటనవేలు, చూపుడువేలు ముందు అరగడం ఖాయం. పార్లర్ క్రోమ్ మీకు అక్కడే రాలిందంటే కారణం కూడా అదే, దాంతోపాటు అంచుల్లో పొడి మిగిలిపోయి ఉంటుంది. క్రోమ్ పొడి ఉన్నచోట పై పొరకి పట్టు దొరకదు. ఒక రోజు విడిచి ఒక రోజు టాప్ కోట్ సన్నగా వేస్తూ ఉంటే అంచు కాస్త నిలుస్తుంది.

పచ్చబారడం గురించి. పసుపులోని రంగు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఆవకాయలో నూనె ఉండనే ఉంది, అదే రంగును మోసుకెళ్లి పూతలోకి ఎక్కిస్తుంది. అందుకే నీళ్లతో ఎంత కడిగినా పోలేదు. అంటిన వెంటనే కొబ్బరినూనె రుద్ది, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. జెల్ వేసుకున్నవాళ్లు సర్జికల్ స్పిరిట్ దూదితో తుడుచుకోవచ్చు. మామూలు పాలిష్‌కి స్పిరిట్ పెడితే మెరుపు మాసిపోతుంది. ఇంకా మిగిలితే చెయ్యి కాసేపు ఎండకి పెట్టండి, పసుపు రంగు వెలుతురికి వెలుస్తుంది. కారం రంగు అంత తొందరగా వదలదు. ఆవకాయ కలిపేటప్పుడు గ్లవుజులు వేసుకుంటే ఇవన్నీ అక్కర్లేదు, సొన భయం కూడా ఉండదు.

రెండో దారి ప్రెస్-ఆన్ గోళ్లు, ముందే తయారై వచ్చేవి. అద్దం మెరుపు అచ్చం అలాగే ఉంటుంది, మీ పని పది నిమిషాలు. కానీ జిగురులో చిక్కుంది. సీసాలో వచ్చే జిగురు సైనోఅక్రిలేట్. అది హెమాతో ఒకటి కాదు, అయినా కొందరికి పడదు. రెండువైపులా అంటుకునే స్టిక్కర్లతో పెట్టుకోవచ్చు, వాటి జిగురూ అక్రిలిక్ జాతిదే. డాక్టర్ని అడక్కుండా వీటికి పోవద్దు, పొక్కులు పూర్తిగా మానకముందు అసలే వద్దు. సరే అంటే, ప్రతి గోటి వెడల్పూ టేపుతో కొలిచి సైజు తీసుకోవాలి. రెండింటి మధ్య పడితే పెద్దది తీసుకుని పక్కలు రాయండి, ఇరుకైనది గోటిని నొక్కి ఊడుతుంది. స్టిక్కర్లు చెమటకి ఒక పూట ఆగితే గొప్ప. మండపంలో అరిటాకు ముందు కూర్చునేముందు కుడిచేతివి తీసి డబ్బీలో పెట్టుకోవడం మేలు. పప్పులో గోరు తేలితే ఆ పెళ్లి కబురు పదేళ్లు చెప్పుకుంటారు.

మూడోది, డాక్టరు చూసి జెల్ కారణం కాదని తేల్చితే, చెల్లెలితోపాటు పార్లరే. అప్పుడు కూడా నాలుగు విషయాలు కళ్లతో చూడండి. జెల్, ల్యాంప్ ఒకే కంపెనీవా? బొటనవేళ్లు విడిగా పెట్టిస్తున్నారా? చర్మం మీదికి పారిన జెల్‌ని ల్యాంప్‌లో పెట్టకముందే పుల్లతో తీస్తున్నారా? క్రోమ్ రుద్దాక అంచులు తుడిచి, పైన టాప్ కోట్‌ని కొస మూసేలా వేస్తున్నారా? క్రోమ్ రుద్దేది జిగట మిగలని రకం టాప్ కోట్ మీద, ల్యాంప్ లోంచి తీసిన వెంటనే, ఆవగింజంత పొడితో. జిగట ఉంటే పొడి ముద్దకట్టి బూడిదరంగులో మచ్చలు పడతాయి, చల్లారిపోతే సరిగ్గా అంటదు. ల్యాంప్‌లో చెయ్యి చురుక్కుమంటే పొర మందంగా పడి ఉండొచ్చు, వెంటనే బయటికి తీయండి. చేతులకు ముందుగా సన్‌స్క్రీన్ రాసుకోండి, గోళ్ల మీద మాత్రం పడనీయకండి. 'హెమా ఫ్రీ' అన్న చీటీ చూసి నిశ్చింతగా ఉండలేం, దాని బంధువులు వేరే పేర్లతో ఉంటాయి.

అత్తగారి మాటలో సగం అలవాటు, సగం నిజం ఉంది. పెచ్చులూడే పాలిష్‌తో పిండి కలిపితే ఆ రేకులు ఎక్కడికి పోతాయో మీకు తెలుసు. పొడుగు గోళ్ల కింద పిండీ పసుపూ చేరడం కూడా నిజమే. మీరు గోళ్లు పొట్టిగా కత్తిరించి, పెచ్చు లేచిన రోజే తుడిచేసి, పిండి కలిపేటప్పుడు గ్లవుజు వేస్తే ఆవిడ అభ్యంతరంలో నిజమైన సగానికి జవాబు అయిపోతుంది. రెండో సగానికి జవాబు చెప్పడం మీ బాధ్యత కాదు. పెళ్లి నాలుగు రోజులూ వడ్డన పని ఇంకొకరికి అప్పజెప్పండి, ఎలాగూ మీరు పెళ్లికూతురి అక్క, వంటింట్లో కనిపించరు.

పాపకి జెల్ వద్దే వద్దు. ఆ వయసులో అలర్జీ మొదలైతే జీవితమంతా మోయాలి. వేళ్లు నోట్లో పెట్టుకునే అలవాటు లేకపోతే మామూలు పాలిష్, మెరుపు టాపర్ ఒక పొర, మర్నాడు తీసేయండి. అలవాటుంటే గోరింటాకు. రుబ్బిన ఆకు మాత్రమే, నల్లగా పండుతుందని అమ్మే కోన్లు కాదు.

గోరింటాకు మాట వచ్చింది కాబట్టి వరస కూడా చెప్పేస్తాను, పెళ్లిళ్లలో ఎక్కువ పాడయ్యేది ఇక్కడే. మెహందీ ముందు, గోళ్లు తర్వాత. లేత రంగు వేసుకుని మెహందీ పెట్టించుకుంటే ఆ ముద్ద పాలిష్‌ని కూడా నారింజ చేస్తుంది. మెహందీ పెట్టేటప్పుడు గోళ్ల మీద పడకుండా చూసుకోమనండి, ఒకసారి గోరు పండితే పెరిగి పోవలసిందే, పాలపొర కింద ఆ ఎరుపు కనిపిస్తుంది. ముదురు రంగు ఎంచుకుంటే ఆ దిగుల్లేదు. మెహందీ తీశాక నూనె రాస్తారు, ఆ నూనె గోళ్ల మీద ఉండగా పాలిష్ నిలవదు. ఒక రోజు ఆగి వేసుకోండి. చెల్లెలికి నలుగు పెట్టి, గోళ్లు తీయించే తంతు మీ ఇళ్లలో ఉంటే, అది అయ్యాకే తనకి పార్లర్ టైము పెట్టించండి. ముందే వేయించి, తీరా అక్కడ కొస కత్తిరిస్తే మూసిన అంచు తెరుచుకుంటుంది.

తలంబ్రాల బియ్యానికి పసుపు పట్టించే పని మీ చేతిలో పెట్టబోతే తప్పించుకోండి. చెల్లెలు ఎలాగూ తప్పించుకోలేదు. దోసిళ్లతో పోసుకున్నాక తన గోళ్లు తుడవడానికి స్పిరిట్ దూది నాలుగు ముక్కలు చిన్న డబ్బీలో వేసుకుని మీ దగ్గర ఉంచుకోండి. తనది జెల్ కాబట్టి తనకి ఆ దూది, మీది పాలిష్ కాబట్టి మీకు కొబ్బరినూనె.